‘నైస్’ అను విశేషణము: పుట్టుక, అర్థము, వాడుక

నిత్యవ్యవహారమున మిక్కిలి అరిగిన మాటలకు అర్థము చెప్పుమని యెవరును అడుగరు. అట్టి మాటలలో ఆంగ్లభాషయందలి ‘నైస్’ అను విశేషణము మొదటి వరుసలోనిది. బెంగుళూరిలోని తెలుగువారి యింటనైనను, చెన్నపట్టణపు కార్యాలయముననైనను నేడు ఈ మాట వినబడని దినము అరుదు. శుభలేఖ చూచి ‘నైస్’ అందురు. పిల్లవాని పాట విని ‘నైస్’ అందురు. ఇల్లు చూచి ‘నైస్’ అందురు. ఇంటివారిని గూర్చియు ‘నైస్’ అనియే యందురు. అదే యింట, అదే సమయమున, వంటగదిలో అత్తగారు ‘మినపపప్పు ఇంకా నైసుగా రుబ్బాలమ్మా’ అని కోడలికి చెప్పుచుండును. ఒకే మాట ముందుగదిలో ఒక యర్థమునను, వంటగదిలో వేరొక యర్థమునను పలుకుచున్నది. ముందుగదిలోని మాటకు అర్థమేమని అడిగినచో ‘బాగున్నది’ అని తప్ప మరేమియు చెప్పుట కష్టము. వంటగదిలోని మాటకు అర్థము స్పష్టము: వ్రేళ్ల నడుమ పట్టి చూచినప్పుడు పిండిలో పలుకు తగులరాదు.

ఆంగ్లము చక్కగా చదివినవారు కొందరు ఈ రెండవ వాడుకను విని నవ్వుదురు. అది మాటయర్థము తెలియక చేసిన ప్రయోగమనియు, పొరుగుభాషల నడుమ నివసించుటచే చెడిన తెలుగనియు అందురు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఇట్టి తీర్పులు క్రొత్తవి కావు. వారి పలుకు ‘స్వచ్ఛము’ కాదను మాట చుట్టముల నోటనే వారు వినుచుందురు. ఒక పదముయొక్క సరియైన యర్థమును నిర్ణయించునది ఏది? దాని పుట్టుకయా, దానిని వాడువారి వ్యవహారమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ‘నైస్’ కంటె తగిన పదము దొరకుట అరుదు. ఏలయన, పుట్టుకను బట్టి చూచినచో ముందుగది వాడుకయే యెక్కువ తప్పని తేలును.

పుట్టుక

లాటిను భాషలో ‘స్కీరె’ అను ధాతువునకు తెలిసికొనుట అని అర్థము. దానికి ముందు ‘నె’ అను నిషేధార్థకము చేరి ‘నెస్కియుస్’ అను విశేషణ మేర్పడినది. ఎరుగనివాడు అని దాని యర్థము. సంస్కృతమున ‘జ్ఞ’కు ముందు అకారము చేరి ‘అజ్ఞుడు’ అయినట్లే ఇదియు అయినది. ‘సైన్సు’ అను పదమును ఈ ‘స్కీరె’ ధాతువునుండియే పుట్టినది. కావున విజ్ఞానమును తెలుపు ‘సైన్సు’ అను మాటయు, ‘నైస్’ అను మాటయు ఒక తల్లి బిడ్డలే; ఒకటి తెలివికి పేరయినది, మరియొకటి తెలివిలేమికి పేరయి బయలుదేరినది.

ఆ లాటిను పదము ప్రాచీన ఫ్రెంచి భాషలో ఎన్, ఐ, సి, ఇ అను నాలుగు అక్షరముల రూపమునకు కుదించుకొనిపోయినది. అక్కడ దాని యర్థము అవివేకి, అమాయకుడు, పనితనము లేనివాడు అని. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట వేలకొలది ఫ్రెంచి పదములు ఆంగ్లమున చేరినవి. వానితోపాటు ఈ మాటయు చేరి, 1300 ప్రాంతమునకు ‘తెలివితక్కువ’ అను అర్థముతో ఆంగ్ల గ్రంథములలో కనబడుచున్నది. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానాములో ఆ భాష నేర్చిన తెలుగువారికి ఇందు ఒక వింత తోచును. ఏ భాష ఆంగ్లమునకు ఈ పదమును ఇచ్చినదో ఆ ఫ్రెంచి భాష దానిని తన నిత్యవ్యవహారమునుండి తొలగించుకొన్నది. మంచివాడు, నెమ్మదస్థుడు అనుటకు ఫ్రెంచివారు ‘జాంతీ’ అను వేరొక మాటను వాడుదురు.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమున ఇవే నాలుగు అక్షరములతో వ్రాయబడు ‘నీస్’ నగరము గలదు. ఆ పేరునకును ఈ విశేషణమునకును సంబంధము లేదు. అది ‘నికాయియా’ అను గ్రీకు పేరునుండి వచ్చినది. బెంగుళూరు చుట్టునుగల ‘నైస్ రోడ్డు’ పేరు ఒక సంస్థ పేరులోని మొదటి అక్షరముల కూర్పు మాత్రమే. మన తెలుగు ‘నయము’నకును దీనికిని చుట్టరికము లేదు. అక్షరసామ్యమును జూచి చుట్టరికములు కలుపుట భాషావిచారమున తరచుగా జరుగు పొరపాటు.

అర్థముల ప్రయాణము

‘తెలివితక్కువ’ అను అర్థముతో అడుగుపెట్టిన ఈ మాట ఆరువందల యేండ్లలో చేసిన ప్రయాణము ఆశ్చర్యకరమైనది. 1400లో మరణించిన చాసరు కవి దీనిని అవివేకమను అర్థమున వాడినాడు. ఆ కాలముననే ‘విచ్చలవిడిగా ప్రవర్తించువాడు’ అను అర్థమును వచ్చినది. పిమ్మట ‘బిడియము గలవాడు’, ‘ఇది గిట్టదు, అది ముట్టను అని గునియువాడు’ అను అర్థములు పుట్టినవి. ఈ రెండు జంటలు ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడినను, నడుమ ఒక త్రోవ కలదు. తెలియనివాడు జంకును, జంకువాడు ప్రతిదానిని పట్టి పట్టి చూచును, పట్టి చూచువానికి చిన్న భేదములుకూడ తెలియును. ఈ త్రోవనే పదునారవ శతాబ్దినాటికి ‘సూక్ష్మము’, ‘సుకుమారము’, ‘మిక్కిలి ఖచ్చితము’ అను అర్థములు స్థిరపడినవి. తెలివిలేమికి పేరయిన మాట ఈ విధముగా తెలివిలోని నిశితత్వమునకు పేరయినది.

షేక్స్పియరు ‘రోమియో జూలియెట్’ నాటకమున ఈ పదమును ‘అల్పమైన’ అను అర్థమునకూడ ప్రయోగించినాడు. సన్యాసి పంపిన లేఖ రోమియోకు చేరకపోయినప్పుడు, అది సామాన్యమైన యుత్తరము కాదు, మిక్కిలి ముఖ్యమైనది అని చెప్పుటకు అతడు ‘నైస్’ కాదని అనును. నేటి పాఠకుడు ‘ఉత్తరము బాగుగ లేదు’ అని దానిని చదివినచో నాటకములోని విషాదమంతయు తారుమారగును. పదునారు, పదునేడు శతాబ్దుల రచనలలో పెక్కు తావుల రచయిత ఏ యర్థమున ఈ మాటను వాడెనో చెప్పుట కష్టమని ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు సంపాదకులే వ్రాసియున్నారు.

1755లో ప్రకటితమైన జాన్సను నిఘంటువు ఈ పదమునకు ఇచ్చిన అర్థములు సూక్ష్మనిర్ణయము, అతిజాగ్రత్త, సౌకుమార్యము మొదలైన వాని చుట్టునే తిరుగుచున్నవి. ఆ పదము పుట్టుకను మాత్రము జాన్సను లాటినునకు ముడిపెట్టలేదు. ‘మెత్తనిది’ అను అర్థముగల సాక్సను పదమునుండి వచ్చినదని వ్రాసినాడు. అది పొరపాటు. పుట్టుక విషయమున పొరపడినను ఆయన చెప్పిన అర్థములు మాత్రము ఆనాటి వాడుకకు సరిపోవుచున్నవి. పుట్టుక తెలియకున్నను అర్థము చెప్పవచ్చుననుటకు ఇంతకంటె గట్టి నిదర్శనము అక్కరలేదు. ‘మనోహరము’, ‘హితకరము’ అను నేటి యర్థము పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున బలపడినది. ‘దయగలవాడు’ అను అర్థము పందొమ్మిదవ శతాబ్దిది.

పాత యర్థము ఒకటి ఆంగ్లమున నేటికిని మిగిలియున్నది. న్యాయస్థానమున ప్రశ్న ‘నైస్’గా నున్నదని న్యాయమూర్తి అనినచో, వకీలు సంతోషింప పనిలేదు. అది వెండ్రుకవాసి భేదముపై నిలిచిన చిక్కుప్రశ్న అని ఆ మాటకు తాత్పర్యము.

జేన్ ఆస్టెన్ విమర్శ

ఈ పదము అర్థబలమును కోల్పోవుటను కనిపెట్టి పరిహసించినవారిలో జేన్ ఆస్టెన్ ప్రముఖురాలు. ఆమె ‘నార్తాంగర్ ఆబీ’ నవల ఆమె మరణానంతరము 1817 డిసెంబరులో వెలువడినది. అందు కథానాయిక కేథరిన్ మోర్లండు బాత్ పట్టణపు సమీపమున మిత్రులతో షికారు పోవుచు, తాను చదివిన ఆన్ రాడ్‌క్లిఫ్ నవలను ‘నైస్’ అను మాటతో మెచ్చుకొనును. వెంటనే హెన్రీ టిల్నీ, ఆ మాటకు అందము, పొందిక అను అర్థమే తీసికొని, అది పుస్తకపు అట్టను బట్టి యుండునని వేళాకోళము చేయును. ఈ దినము ‘నైస్’, ఈ షికారు ‘నైస్’, మీ రిద్దరు యువతులును ‘నైస్’. అన్నిటికిని పనికివచ్చు మాట ఇది యని దెప్పును. తొలుత ఈ పదము శుచికి, ఔచిత్యమునకు, సౌకుమార్యమునకు మాత్రమే చెల్లెడిదని పాఠము చెప్పును.

ఈ ఘట్టమును ఉదాహరించువారు చాలమంది హెన్రీ పక్షము వహించి అచటనే ఆగుదురు. కాని రచయిత్రి అచట ఆగలేదు. హెన్రీ సోదరి ఎలినార్ ఆ వెంటనే అన్ననే హేళన చేయును. మాట మార్చుకొననిచో దారిపొడుగునను జాన్సనును మోయవలసివచ్చునని కేథరిన్‌ను హెచ్చరించి, అన్నకు తెలివికంటె చాదస్తమే హెచ్చని చెప్పును. ఆ చాదస్తమును తెలుపుటకు ఆమె వాడిన పదము ‘నైస్’ అనునదే! హెన్రీ కాపాడదలచిన పాతయర్థములలో ఒకదానిని అతనిపైననే ప్రయోగించినది. నవ్వు ఇరువైపులకును తగులుచున్నది.

విమర్శదృష్టితో చూచినచో హెన్రీ వాదమున సగము సత్యము, సగము పొరపాటు కలవు. అన్నిటికిని చెల్లు మాట దేనిని గూర్చియు ఏమియు చెప్పజాలదనుట సత్యము. శుచి, సౌకుమార్యములే దాని యాదిమార్థములనుట పొరపాటు, ఆదిమార్థము అజ్ఞానము. పుట్టుకకు మరలవలెనని పట్టుబట్టినచో హెన్రీ కోరిన ‘నైస్’యును నిలువదు. అతడు సమర్థించినది ఆదియందలి యర్థమును కాదు, తనకు ముందు రెండు మూడు తరముల వాడుకను. ‘స్వచ్ఛమైన భాష’ యని పోరాడువారు పెక్కుమంది చేయుచున్నదియు ఇదియే. తమ తాతల వాడుకను వారు ఆదికాలపు నియమమని భ్రమపడుదురు.

1926లో ఆంగ్లప్రయోగములపై ప్రామాణికగ్రంథము రచించిన ఫౌలరు, ఈ పదము తన వ్యక్తిత్వమును పోగొట్టుకొన్నదని విచారించి, ఆ నేరమును స్త్రీలపై మోపినాడు. ఆ నింద నిలువదు. పదము శక్తి నశించుటను అంతకు నూరేండ్ల క్రిందటనే కనిపెట్టి, కథలో ఇమిడ్చి, ఇరుపక్షములను తూచి చూపినది ఒక స్త్రీయే గదా!

మన భాషలలో ఇట్టి మార్పులు

‘నైస్’ చరిత్ర ఆంగ్లమునకు మాత్రమే చెందిన వింత కాదు. సంస్కృతమున ‘ముహ్’ ధాతువునకు మోహపడుట, దిక్కుతోచకుండుట అని అర్థము. దానినుండి ‘మూఢ’, ‘ముగ్ధ’ అను రెండు రూపములు పుట్టినవి. రెండింటికిని మొదట తెలివి తప్పినవాడనియే యర్థము. ‘మూఢుడు’ అచటనే మిగిలిపోయినాడు. ‘ముగ్ధ’ మాత్రము అమాయకురాలై, ఆపై సుందరియై, ముగ్ధ, మధ్య, ప్రౌఢ అను నాయికాభేదములలో మొదటి స్థానము నలంకరించినది. ఎరుగనితనము మనోజ్ఞతగా మారుట ఆంగ్లమునకును సంస్కృతమునకును సమానమే.

ఇట్లు అర్థము పైకెక్కుటను తెలుగు భాషాశాస్త్రజ్ఞులు అర్థసౌమ్యత యందురు. సంస్కృతమున ‘సభికుడు’ జూదపుటింటి యజమాని. తెలుగున సభలో ఆసీనుడైన పెద్దమనిషి. అర్థము దిగజారుటను అర్థగ్రామ్యత యందురు. ఛందస్సును, అనగా వేదమును, అధ్యయనము చేసినవాడు ఛాందసుడు; నేడు అది తిట్టు, ‘చాదస్తము’ దాని బిడ్డ. ఆంగ్లమున ‘సిల్లీ’ అను మాట ఈ వర్గమునకు చెందినది. ఒకప్పుడు అది ‘ధన్యుడు’ అను అర్థము గలది. క్రమముగా అమాయకుడు, దీనుడు, బలహీనుడు అయి, తుదకు తెలివితక్కువవాడయినది. ‘నైస్’ మెట్లెక్కిన కాలముననే ‘సిల్లీ’ మెట్లు దిగినది.

పొరుగు రాష్ట్రములలోని తెలుగువారికి అందరికంటె బాగుగ తెలిసిన యుదాహరణము ‘కంపు’. ఆంధ్రదేశమునుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు, పొరుగింటి కన్నడ స్త్రీ మల్లెపూల ‘కంపు’ను మెచ్చుకొనుట విని తెల్లబోవును. కన్నడమున కంపు అనగా పరిమళము. ప్రాచీనాంధ్రకావ్యములలోను కంపు పరిమళమే. తెలుగు దానిని దుర్గంధమునకు దించినది, కన్నడము నిలుపుకొన్నది. తమిళమున ‘నాట్రము’ అను మాటయు ఒకప్పుడు సువాసనకు చెల్లినది. ‘ఆముక్తమాల్యద’ నాయికయైన గోదాదేవి విష్ణుమూర్తి శంఖముతో పలుకు పాశురమున ఆ ధాతువే పరిమళమును తెలుపుచున్నది. నేటి చెన్నపట్టణమున ‘నాట్రము’ అనినచో ముక్కు మూసికొనవలసినదే. కన్నడిగుడు తప్పు పలుకుచున్నాడని తెలుగువాడుగాని, తెలుగువాడు తప్పు పలుకుచున్నాడని కన్నడిగుడుగాని తీర్పు చెప్పుటకు అధికారము లేదు. ఎవరి వాడుక వారికి ప్రమాణము.

వంటగది ‘నైసు’

ఈ దృష్టితో వంటగది మాటను మరల పరిశీలింపవలెను. ‘నైస్’ హలంతము, తెలుగు అజంతభాష. ‘రైలు’, ‘బస్సు’ అయినట్లే అది ‘నైసు’ అయినది. ‘గా’ చేరి ‘నైసుగా’, ‘ఐన’ చేరి ‘నైసైన’ అయినది. ఇట్లు తెలుగు ప్రత్యయములను ధరించిన తరువాత అది అతిథి కాదు, ఇంటి మనిషి.

దాని యర్థములును అస్తవ్యస్తములు కావు. పిండి నైసుగా నున్నదనగా పలుకు లేక మెత్తగా నున్నది. గుడ్డ నైసుగా నున్నదనగా చేతికి గరుకు తగులక సన్నముగా, నునుపుగా నున్నది. నైసుగా మాటలాడి పని చక్కబెట్టుకొనెను అనగా మాటలో కరకుదనము లేక నెమ్మదిగా నొప్పించెను. సభనుండి నైసుగా జారుకొనెను అనగా చప్పుడు కాకుండ, ఎవరికిని తెలియకుండ పోయెను. ఒకనిని ‘నైసు చేయుట’ యనగా ఇచ్చకములాడి వశపరచుకొనుట. ఈ యయిదింటిని కలుపు దారము ఒక్కటే: గరుకు లేకుండుట. పిండిలోని గరుకుదనము, నేతలోని గరుకుదనము, మాటలోని గరుకుదనము, అడుగుల చప్పుడు, ఎదుటివాని యెదురుతిరుగుడు — ఇవి తొలగినచోటనెల్ల ‘నైసు’ నిలుచుచున్నది. ఇంత పొందికగల యర్థవ్యాప్తి నేటి ఆంగ్లపు ‘నైస్’కు లేదు. జాన్సను కాలమున ఆ పదమునకుండిన సూక్ష్మత, సౌకుమార్యములకు చెన్నపట్టణపు రుబ్బురోలి మాట లండను విందులోని మాటకంటె దగ్గరగా నున్నది.

ఈ వాడుక ఒక్క తెలుగువారిదే కాదు. తమిళుల వంటయిండ్లలోను పచ్చడి ‘నైసు’గా నూరబడును, తమిళుడును పనినుండి ‘నైసు’గా జారుకొనును. కన్నడిగులును పిండిని ‘నైసు’గా రుబ్బుదురు. దక్షిణదేశపు భాషలు ఈ మాటను ఇంచుమించు ఒకే తీరున మలచుకొన్నవి. రాజమహేంద్రవరమునను, హైదరాబాదునను ఇదే వాడుక గలదు. కావున దీనిని బయటి తెలుగువారి అపభ్రంశమనుట వాస్తవవిరుద్ధము.

ముందుగది ‘నైస్’

ఇక ముందుగది మాట. దానిని తప్పుపట్టవలసినది అన్యదేశ్యమగుటచేత కాదు. ‘నాజూకు’, ‘పసందు’ అనునవి పారసీకమునుండి వచ్చినవే. అవి తెలుగు నుడికారమునకు వన్నె తెచ్చినవి. పసందు రుచికి, వేడుకకు చెల్లును. నాజూకు మేనికి, నడకకు, పనితనమునకు చెల్లును. ఒకదానిచోట మరియొకటి పెట్టినచో వినువాడు వెంటనే గుర్తించును. ‘నైస్’ అట్లు కాదు. అది ఏచోటనైనను కూర్చుండును. కూర్చున్నచోట అంతకుముందున్న మాటను లేపివేయును.

గోంగూరపచ్చడి కమ్మగా నుండవలెను; పాట ఇంపుగా నుండవలెను; పట్టుచీర నాణ్యముగా నుండవలెను; పసిబిడ్డ ముద్దుగా నుండవలెను; ఇల్లు పొందికగా నుండవలెను; అల్లుడు సౌమ్యుడు కావలెను; పొరుగమ్మ కలుపుగోలు మనిషి కావలెను; ముగ్గు ముచ్చటగా నుండవలెను. ఈ యెనిమిది మాటలును ఎనిమిది విధములైన చూపులు. కమ్మదనమును గుర్తించునది నాలుక, నాణ్యమును గుర్తించునది చేయి, పొందికను గుర్తించునది కన్ను, కలుపుగోలుతనమును గుర్తించునది చిరపరిచయము. వీనియన్నిటి స్థానమున ‘నైస్’ అనునది వచ్చినప్పుడు మెచ్చుకోలు మిగులును. చూచినదేమో, రుచి యెరిగినదేమో మిగులదు. వంటచేసిన యిల్లాలికి ఆ మెప్పువలన ఉప్పు సరిపోయినదో లేదో తెలియదు. పాటపాడిన బాలునకు శ్రుతి కుదిరినదో లేదో తెలియదు.

తెలుగునాట ఈ నష్టము అంతగా కనబడకపోవచ్చును. అచట పాఠశాలయు, పత్రికయు, వీధియు ఆ మాటలను మరల మరల వినిపించుచుండును. షోలాపురపు పద్మశాలీల యింటి బిడ్డకు వీధిలో మరాఠీ, పర్లాకిమిడి బిడ్డకు బడిలో ఒడియా, బెంగుళూరి బిడ్డకు కన్నడము, ఆంగ్లము వినబడును. ‘కలుపుగోలు’ అను మాట అట్టి బిడ్డకు చేరవలసినచో తరచుగా ఇంటి పెద్దలనోటనే చేరవలెను. ఆ పెద్దయు మనుమరాలిని మెప్పించుటకై ‘నైస్’ అని యూరకున్నచో ఆ మాటకు వేరొక దారి లేదు. ముందుగదిలో జరుగుచున్నది భాష మైలపడుట కాదు. భాష చేతులు మారకుండుట. మొదటిది ఊహ, రెండవది నిజమైన నష్టము.

తీర్పు

పర్లాకిమిడిలో చిరకాలము ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు శిష్టుల సజీవవ్యవహారమే భాషకు ప్రమాణమని వాదించిరి. పర్లాకిమిడి 1936లో ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. ఆ పట్టణమున రూపొందిన ఆ సిద్ధాంతము తెలుగుదేశమంతటను వ్యాపించినది. తెలుగునకు ప్రమాణమేదను చర్చలో గట్టి సమాధానములలో ఒకటి నేటి రాష్ట్రసరిహద్దులకు వెలుపలి యూరినుండి వచ్చినదను సంగతి స్మరింపదగినది.

ఆ సిద్ధాంతమును బట్టి చూచినచో ఎరువుతెచ్చిన పదమునకు రెండు పరీక్షలు చాలును. ఆ పదము ఖచ్చితమైన పని చేయుచున్నదా? ఉన్న మాటలను చంపకుండ వానిసరసన బ్రతుకుచున్నదా? ‘నైసు’ రెండింటను నెగ్గినది. ‘మెత్తగా’, ‘సన్నముగా’, ‘నున్నగా’ అను మాటలు దానివలన చావలేదు. ‘నైస్’ రెండింటను ఓడినది. లాటిను పుట్టుకగాని, ఆంగ్లపు నేటి ఫ్యాషనుగాని, నవ్వినవారి చదువుగాని ఈ తీర్పును మార్పజాలవు.

తెలుగు సంఘములు తమ తమ ప్రాంతములలోని యింటిమాటలను సేకరించి పట్టికలు వ్రాయబూనినప్పుడు, ‘నైసుగా’ అను మాటను తప్పుల పట్టికలో గాక పదముల పట్టికలో చేర్చుట న్యాయము. దాని ప్రక్కన అయిదర్థములును, ఒక్కొక్క వాక్యమును వ్రాయవలెను. ఇంట పిల్లలు వంటనుగాని, పాటనుగాని ‘నైస్’ అని మెచ్చుకొన్నప్పుడు పెద్దలు వారిని మందలింప పనిలేదు. ‘కమ్మగా నున్నదా, కారముగా నున్నదా? ఇంపుగా నున్నదా, హుషారుగా నున్నదా?’ అని మరియొక ప్రశ్న వేసిన చాలును. బిడ్డ ఆలోచించి ఒక మాటను ఎన్నుకొనును.